ఐదో కంప్రెసర్

మొన్న ఎండలు బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం మా ఇంటి ఏసీ చల్లగాలి మానేసి ఉత్తగాలి విసరడం మొదలుపెట్టింది. బజారు నుంచి మెకానిక్ వచ్చాడు, బీహారు మనిషి, నలభై ఏళ్లుంటాయి. డాబా మీదికెక్కి బయటి డబ్బా దగ్గర కాసేపు కూర్చొని, దిగివచ్చి, కంప్రెసర్ పోయిందని హిందీలో చెప్పి, చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూస్తూ నిలబడ్డాడు. మా ఆవిడ అతని ఎదుటే నాతో తెలుగులో, ఇతని మాట నమ్మబుద్ధి కావడం లేదు, విప్పి చూపించమని అడగండి అంది. అతనికి తెలుగు రాదని ఆమె ధైర్యం. ఆ స్క్రూడ్రైవర్ వైపు చూసే చూపు మాత్రం నాకు తెలిసినదే.

నా ఈడువాళ్లలో దుబాయ్ పోయి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు కనుక అక్కడి బతుకు గురించి విడమరిచి చెప్పనవసరం లేదు. నేను దుబాయ్ పక్కనే ఉన్న అజ్మాన్‌లో ఏసీ మెకానిక్‌గా ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను, తిరిగొచ్చాక మళ్లీ ఆ పని ముట్టలేదు. ఆ పనిలో నేర్చుకున్న రెండు ముక్కలు మాత్రం, ఏసీ ఉన్న ప్రతి ఇంటివాళ్లకూ చెప్పాలనిపిస్తుంది. లోపల ఫ్యాను తిరుగుతూ, బయటి మిషను మూలిగి మూలిగి ఆగిపోతుంటే, చాలాసార్లు పోయేది అందులో మన పిడికిలంత ఉండే కెపాసిటర్. అక్కడైతే దాని ఖరీదు ముప్పై నలభై దిర్హాములు. అదే కంప్రెసర్ అంటే ఏడెనిమిది వందలు, మాలాంటివాళ్లకు ఒక నెల జీతం. గ్యాసు అయిపోయిందని ఎవరైనా అంటే ఎక్కడ కారుతున్నదో చూపించమనాలి, అది పెట్రోలులాగా వాడకంలో తరిగేది కాదు. పాత సామాను చేతికి ఇమ్మని అడిగేవాళ్ల దగ్గర మెకానిక్‌లు కొంచెం జాగ్రత్తగా ఉంటారు. ఇదంతా నాకెలా తెలుసంటే, అడగనివాళ్ల దగ్గర నేను ఎలా ఉన్నానో నాకు తెలుసు కనుక.

కరోనా వచ్చిన ఏడాది మాట ఇది. విమానాలు ఆగిపోయాయి. కంపెనీ క్యాంపులో ఒక్కో గదికి ఎనిమిదేసి మందిమి, ఒకరి ఊపిరి ఒకరికి తగులుతూ, పనికి తప్ప గడప దాటే వీలు లేక, కాలుగాలిన పిల్లుల్లా ఆ మంచాల మధ్యనే తిరిగేవాళ్లం. గదికి ఒకటే కిటికీ, దానికి ఎదురుగా పక్క క్యాంపు గోడ. మా పాస్‌పోర్టులన్నీ ముదీర్, అంటే మా మేనేజరు, బల్ల సొరుగులో ఉండేవి. ప్రత్యేక విమానాలు మొదలైనాక ఒక్కొక్కరే వెళ్లి అడగసాగాం, అడిగినవాళ్లందరికీ ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

నాకు ఇంటికి రావలసిన పని అందరికంటే ఎక్కువని అప్పట్లో నా నమ్మకం. ఇప్పుడు నేను కూర్చొని రాస్తున్న ఈ ఇల్లు ఆ ఎండాకాలానికే పూర్తయింది, శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నాం. ఇరవై ఏళ్ల చెమటతో కట్టిన ఇంట్లోకి మా ఆవిడతో కలిసి అడుగుపెట్టి, పీటల మీద ఆమె పక్కన కూర్చోవాలని నా కోరిక. ఆ సంగతి చెప్పుకుంటే ముదీర్ శాంతంగా విన్నాడు. విని, పని తగ్గిపోయింది కదా, ఈ నెలలో అయిదు కంప్రెసర్లు అమ్మించు, నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతా, సీటు కూడా నేనే చూస్తా అన్నాడు. ఆయనకు ఇంకో నియమం ఉండేది. కస్టమర్ ఇంట్లో హిందీ తప్ప సొంత భాష నోట రాకూడదు, మన ఊరివాళ్లని తెలిస్తే బేరం మెత్తబడుతుందని.

మొహానికి మాస్కు, చేతులకు తొడుగులు, నోట్లో హిందీ. మొదటి నాలుగు ఇళ్లూ మూడు వారాల్లోనే అయిపోయాయి. ఒకటి మలయాళీలది, ఒకటి ఇద్దరు ఫిలిప్పీన్ నర్సులుండే గది, ఒకటి ఈజిప్టు ముసలాయనది, నాలుగోది తమిళులది. ఒక్క చోట కూడా కంప్రెసర్ పోలేదు. కంప్రెసర్ ఖలాస్ అని నేను అనగానే ఇంట్లోవాళ్లు ఒకరివైపు ఒకరు తిరిగి తమ భాషలో కాసేపు మాట్లాడుకునేవాళ్లు, ఆ ముసలాయనైతే ఎవరికో ఫోను చేసుకున్నాడు. అంతసేపూ నేను స్క్రూడ్రైవర్ వైపు చూస్తూ నిలబడేవాణ్ణి. తరువాత వాళ్లు సరేననేవాళ్లు. ఆ ఎండల్లో సరే అనక ఏం చేస్తారు?

ఐదో ఇల్లు ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తు. తలుపు తీసిన అమ్మాయికి నిండు నెలలు దగ్గరపడుతున్నాయి, ఆయాసపడుతోంది, తడిగుడ్డ మెడకు చుట్టుకుంది. నన్ను భయ్యా అని హిందీలో పిలిచి, వెనక్కి తిరిగి భర్తను తెలుగులో పిలిచింది. గోదావరి జిల్లాల యాస. నా కాళ్లు గడపలోనే ఆగిపోయాయి గానీ, శ్రావణం గుర్తొచ్చి లోపలికి నడిచాను. బాల్కనీలో డబ్బా విప్పితే కెపాసిటర్ ఉబ్బి ఉంది. మిగిలిందంతా బంగారంలా ఉంది. లోపలికి వచ్చి, కంప్రెసర్ ఖలాస్, ఎనిమిది వందలవుతుందని చెప్పాను.

వాళ్లు నాకు రెండడుగుల దూరంలో, నేను అసలు లేనట్టే తెలుగులో మాట్లాడుకున్నారు. భర్తకు ఉద్యోగం పోయింది, ఉద్యోగంతో పాటు ఆసుపత్రి బీమా పోయింది. మరుసటి వారం విమానంలో సీటుకు పిలుపు వచ్చింది, అది దాటితే నెలలు ఎక్కువయ్యాయని ఆమెను ఎక్కించుకోరు. ఉన్న డబ్బు టికెట్టుకే సరిపోతుంది. ఏసీ లేకుండా వారం ఉండలేనా అని ఆమె తనను తానే అడుగుతున్నట్టు అంది. రాత్రి నువ్వు కళ్లు తిరిగి పడ్డావు కదా అని అతను అన్నాడు. చివరికి బాగుచేయించేద్దాం, టికెట్టు సంగతి తరువాత చూద్దాం అని నావైపు తిరిగి, ఠీక్ హై భయ్యా అన్నాడు.

నేను మాస్కు కిందికి లాగాను. ఎందుకు లాగానో ఇప్పటికీ చెప్పలేను, మంచితనం వల్ల మాత్రం కాదు, ఊపిరాడలేదు.

"కంప్రెసర్‌కు ఏం కాలేదమ్మా. చిన్న సామాను పోయింది, నలభై దిర్హాంలు. ఇప్పుడే ఏసిస్త."

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె నన్ను తేరిపార చూసి, "మీరు తెలుగువారా? మరి ఇందాక అలా ఎందుకు చెప్పారు?" అని అడిగింది.

కెపాసిటర్ మార్చి, గది చల్లబడేదాకా ఉండి వచ్చేశాను. అతను డబ్బులిచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు, ఇవ్వాలని నేనూ అనుకోలేదు.

నెలాఖరున ముదీర్ నాలుగు వేళ్లు చూపించి, సొరుగు తెరిచి నా పాస్‌పోర్టు ఒకసారి పైకి తీసి, మళ్లీ లోపలే పెట్టేశాడు. గృహప్రవేశం ఫోనులో చూశాను. పీటల మీద మా అన్నా వదినా కూర్చున్నారు. మా ఆవిడ ఒక చేత్తో ఫోను పట్టుకొని గోడవారగా నిలబడి, పాలు పొంగేటప్పుడు మాత్రం నాకు కనిపించాలని ఫోనును పొయ్యివైపు తిప్పింది. సిగ్నలు ఆగిపోయి పొంగకముందు గిన్నె బొమ్మే తెర మీద నిలిచిపోయింది. నా మంచం మీద దుప్పటి కప్పుకొని ఏడ్చాను, ఎనిమిది మంది ఉన్న గదిలో ఏడవడానికి వేరే చోటు లేదు. ఇంటికి వచ్చేసరికి ఇంకో ఏడాది గడిచింది.

చాలాకాలం ఆ ఐదో ఇల్లే నా పుణ్యమని చెప్పుకున్నాను. మా ఆవిడకు కూడా అలాగే చెప్పాను, ముహూర్తానికి రానందుకు ఆమె నన్ను క్షమించింది.

మొన్న ఆ బీహారు మనిషిని మళ్లీ మేడ ఎక్కించి, మీటరు పెట్టించి, నేనే కూర్చొని చూశాను. కంప్రెసర్ నిజంగానే పోయింది. అతను చెమట తుడుచుకున్నాడు. అనుమానించినందుకు సిగ్గేసి మంచినీళ్లు ఇచ్చాను. ఇప్పుడు మా వాడకట్టులో ఇంటింటికీ ఏసీ ఉంది, ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి బాగుచేస్తున్నారు, మనం వాళ్ల ఎదుటే మన కష్టాలు మన భాషలో మాట్లాడుకుంటున్నాం. వాళ్లకు మన మాట తెలియదు కనుక వాళ్లు నిశ్చింతగా నిలబడగలరు. ఆ నాలుగు ఇళ్లలో నేనూ అలాగే నిలబడ్డాను. ఆ నర్సులు ఒకరితో ఒకరు ఏమనుకున్నారో, ఆ ముసలాయన ఫోనులో ఎవరిని ఏం అడిగాడో, ఈ వయసులో తెలుసుకోవాలని ఉంది. తెలుసుకునే దారి లేదు.