రంగుల తొట్టిలో క్లారెన్సు ప్రభువు

1956లో నేను ఎమ్మిగనూరు దగ్గరి ఒక మగ్గాల ఊళ్ళో నాటకం నేర్పుతున్నాను. నా వృత్తి హార్మోనిస్టు. అంటే పెట్టె వాయించేవాడు మాత్రమే కాదు. పద్యాలు రాయడం, పాత్రలు పంచడం, మీసాలు అంటించడం, ఊడిన మీసాన్ని రాగం తీసి కప్పిపుచ్చడం, అన్నీ నావే. కడపనుంచి నా పెట్టె బస్సెక్కిందంటే ఆదోని దాకా కుక్కలు శ్రుతిలో మొరిగేవి.

ఆ ఊరివాళ్ళకు పక్క ఊరి మీద పంతం. “యాడా ఎవురూ ఆడని నాటకం కావల్ల అయివారా,” అన్నారు. నేను హైస్కూల్లో చదివిన ఇంగ్లండు చరిత్ర తీశాను. ఐదువందల ఏళ్ళ కిందట నాలుగో ఎడ్వర్డు రాజుకు జార్జి అని ఒక తమ్ముడు, క్లారెన్సు ప్రభువు. మామ మాట విని అన్న మీదే తిరగబడ్డాడు. తర్వాత వచ్చి కలిశాడు, అన్న క్షమించాడు. కొన్నేళ్ళకు మళ్ళీ ద్రోహం తలపెట్టాడని నేరం మోపి, రాజు మరణశిక్ష వేశాడు. కోటలో ద్రాక్షసారా పీపాలో ముంచి చంపారని చెప్పుకుంటారు.

కథ వింటూనే ఊరంతా నాగప్ప, ఈరన్నల వైపు తిరిగింది. సొంత అన్నదమ్ములు. ఈరన్న మామ మాట విని వేరుపడతానన్నాడు. నాటకం మరునాడే పెద్దమనుషులొచ్చి మగ్గాలు పంచాలి. చాన్నాళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. గొంతులు మాత్రం నల్లమల కొండలు పక్కకు జరిగి దారిచ్చే గొంతులు. నాగప్పను రాజును చేశాను, ఈరన్నను క్లారెన్సును. రిహార్సల్లో పద్యంలో తిట్టుకోవడమే తప్ప వచనంలో నోరు విప్పలేదు. “ఆ నీళ్ళ చెంబు ఇట్ల ఇయ్యమను అయివారా,” అనేవాడు నాగప్ప, చెంబు తమ్ముడి మోకాలి పక్కనే ఉన్నా.

అవి మద్యనిషేధం రోజులు. సారా పీపా అంటే పోలీసులొస్తారని, నూలుకు రంగువేసే తొట్టి మోసుకొచ్చాం. అహోబిలం తేరు అందులో పట్టేది. నిండా ఎర్రనీళ్ళు పోశాం.

నాటకం నాడు ఇసకేస్తే రాలనంత జనం వచ్చారు. వేదిక ఇరుకై రాజు సింహాసనం తొట్టిని ఆనుకునే పడింది. ఈరన్న “అన్నా” అని చావు పద్యం ఎత్తుకుంటే పెట్రోమాక్సు దీపాలు తలలు వంచాయి. పాడి మునిగాడు. “వన్స్ మోర్,” అన్నారు జనం. మా పక్క ఆ మాటకు తిరుగులేదు. చచ్చినవాడు లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. ఈరన్న లేచాడు, ఎర్రనీళ్ళు కారుతుండగా పాడాడు, మునిగాడు. మళ్ళీ వన్స్ మోర్. నేను శ్రుతి అందించాను. రాజు మాత్రం తన పద్యం మరిచి తొట్టిలోకే చూస్తున్నాడు.

మూడోసారి మునిగినవాడు పైకి రాలేదు. శానా బాగా చస్తాండాడని చప్పట్లు. నా వేళ్ళు ఆగిపోయాయి. నాగప్ప సింహాసనాన్ని తన్ని, కిరీటంతో సహా తొట్టిలోకి వంగి తమ్ముణ్ణి పైకి లాగాడు.

“రేయ్ ఈరా, ఊపిరి తీసుకోరా. రాజ్యం వద్దు, ఏం వద్దు.”

ఈరన్న కళ్ళు తుడుచుకున్నాడు. “ఏందన్నా నువ్వు. ఇంగా కొంచేపు బిగబట్టేటోణ్ణి గదా. సీనంతా చెడిపితివి.”

“చెడిపితినా? పండుమిరక్కాయ మాదిరి ఉండావు, నువ్వు నాకు చెప్తాండావా?”

జనం దీనికీ వన్స్ మోర్ కొట్టారు. “దుడ్లు కుప్ప పోసినా ఇంగ ముంచేది లేదు,” అన్నాడు రాజు.

మరునాడు పెద్దమనుషులు వచ్చేసరికి, మోచేతులదాకా ఎర్రబడ్డ అన్న, నిలువెల్లా ఎర్రబడ్డ తమ్ముడు, సీను చెడిపింది ఎవరని వచనంలో తగవులాడుతున్నారు. పంపకం మాటెత్తితే, “ఉండప్పా, ముందు ఇది తేలనీ,” అన్నాడు నాగప్ప. ఎండ నెత్తికెక్కేదాకా కూచుని పెద్దమనుషులు బస్సెక్కేశారు. మగ్గాలు ఒకే కప్పు కింద ఉండిపోయాయి.

అసలు ఎడ్వర్డు తీర్పు చెప్పాడే గాని, తమ్ముడు చచ్చే చోట కూచోలేదు. ఆనాటినుంచి నేను ఏ నాటకం నేర్పినా, వేదిక ఎంత విశాలమైనా, శిక్ష వేసేవాడి కుర్చీని శిక్ష పడేవాడికి చెయ్యందేంత దగ్గర్లోనే వేయిస్తాను.