చూసి దాటేసిన మచ్చ

ఆరేళ్ళుగా నేను ఒక మనిషిని మోస్తున్నాను. బతికి ఉన్నప్పుడు ఆయన నాకు ఏమీ కాడు. పోయాక మాత్రం ఇంట్లో మనిషి కంటే ఎక్కువయ్యాడు. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. చెప్పుకునేంత దగ్గరివాళ్ళు నాకు లేరు కూడా. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను నరసరావుపేటలో ఒక స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్‌ని. పేషెంటును బల్ల మీద పడుకోబెట్టి, అద్దానికి ఇవతల గదిలో కూర్చుని మిషన్ నడపడం నా పని. బయట ఎండ మాడుస్తుంటే మిషన్ కోసం వేసిన ఏసీలో స్వెట్టర్ తొడుక్కుని ఒక్కదాన్నే ఉంటాను. సాయంత్రం వెళ్ళేది కూడా ఒంటి గదికే. రోజంతా నా చేతికి తగిలేది మౌస్ ఒక్కటే.

కడుపు స్కాన్ చేస్తే, రొట్టెను పలచగా కోసినట్టు వందల బొమ్మలు వస్తాయి. మౌస్ మధ్య చక్రం తిప్పితే ఒకదాని తర్వాత ఒకటి కదులుతాయి. కుడి బటన్ నొక్కిపట్టి జరిపితే వెలుగు మారుతుంది. కిడ్నీలు బాగా కనపడేలా వెలుగు పెడితే ఊపిరితిత్తులు నల్లగా మాసిపోతాయి. వాటిని చూడాలంటే కుడి బటన్ మళ్ళీ జరపాలి.

మా సెంటర్లో డాక్టరు ఉండరు. గుంటూరులో ఉండే డాక్టరుగారు అక్కడి నుంచే రిపోర్టులు చెప్పేవారు. అన్ని బొమ్మలూ పంపుదామంటే నెట్ మొరాయించేది. దాంతో ఒక అలవాటు పడిపోయింది. అన్నీ నేనే తిప్పి చూసి, ఓ ఇరవై ఏరి ఆయన ఫోనుకు పంపేదాన్ని. నా వేలు ఎక్కడ ఆగితే ఆయన కన్నూ అక్కడే ఆగేది. అది తప్పని మా అందరికీ తెలుసు. పని జరిగిపోతున్నంత కాలం ఎవరూ పట్టించుకోలేదు.

కోటయ్య మాచవరం వైపు నుంచి వచ్చాడు. క్వారీలో పని. నడుం నొప్పికి స్కాన్ రాశారు. జీవితమంతా రాళ్ళు కొట్టినవాడికి కడుపులోనూ రాయే పుట్టిందని తనమీద తానే నవ్వుకున్నాడు. నేనూ నవ్వాను.

ఎడమ కిడ్నీలో రాయి ఉంది. ఆ బొమ్మలు ఏరాను. కడుపు స్కానులో పై బొమ్మల్లోకి ఊపిరితిత్తుల అడుగుభాగం కూడా కొంత వస్తుంది. అక్కడికి వచ్చాక చేతి అలవాటు కొద్దీ కుడి బటన్ జరిపాను. నలుపు విడిపోయింది. కుడి ఊపిరితిత్తిలో కందిగింజంత తెల్లటి మచ్చ. చక్రం ముందుకు తిప్పాను, పోయింది. వెనక్కి తిప్పాను, వచ్చింది. రక్తనాళమైతే బొమ్మ నుంచి బొమ్మకు సాగుతుంది. ఇది సాగలేదు. అదేమిటో నాకు తెలియదని నన్ను నేను నమ్మించుకోవాలని ఎంతో చూశాను. పేరు తెలియకపోవచ్చు, కానీ అది అక్కడ ఉండకూడదని మాత్రం తెలుసు.

మరి ఎందుకు పంపలేదు?

అంతకు వారం ముందు ఇంకెవరి స్కానులోనో అనుమానం వచ్చి డాక్టరుగారికి ఫోన్ చేశాను. స్పీకర్ ఆన్‌లో ఉంది. రిపోర్టు రాసేది నువ్వా నేనా అని, పేషెంట్లందరూ వింటుండగా దులిపేశారు. ఆ మంట నాలో ఇంకా ఆరలేదు. మచ్చ కనపడగానే నాకు మొదట గుర్తొచ్చింది కోటయ్య కాదు, ఆ అవమానం. రాయి అడిగారు, రాయే పంపుతాను, మిగతాది నాకెందుకు అనుకున్నాను. వెలుగును వెనక్కి జరిపాను. ఊపిరితిత్తులు మళ్ళీ నల్లబడ్డాయి. ఇరవై బొమ్మలూ పంపాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అంటారు. నేను పగలగొట్టింది దుత్త కాదు.

అలసటో, మరుపో అయితే ఎప్పుడో ఒకప్పుడు నన్ను నేను క్షమించుకునేదాన్నేమో. కానీ అది అలక. ఒక మనిషి ప్రాణం ముందు పెట్టుకుని నేను అలిగాను.

పది నెలల తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు. సగం మనిషయ్యాడు. ఎక్స్‌రేలో గడ్డ కనపడిందని ఈసారి ఛాతీ స్కాన్ రాశారు. కొత్త స్కాన్ కిందనే పాతదీ తెర మీదకు వచ్చింది. రెండూ పక్కపక్కన తెరిచాను. ఒకవైపు కందిగింజ, ఇంకోవైపు నిమ్మకాయంత గడ్డ. రెండూ ఒకే చోట. పాతదాన్ని మూసేసి, ఆయన్ను లేపడానికి లోపలికి వెళ్ళాను.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు.

“అమ్మాయ్, పోయినేడు రాయికి తీసింది నువ్వే గదా. అప్పటికే ఉందా ఇది?”

“లేదు బాబాయ్. అప్పుడేం లేదు.”

“అట్టయితే తప్పు నాదేలే. దగ్గు మొదలైనప్పుడే చూపిచ్చుకోమని మా అంజమ్మ చానా పోరింది. ఏందిలే అని నేనే తిరిగా.”

నేను తల ఊపాను. తల ఎందుకు ఊపాను? నా తప్పును ఆయన నెత్తికెత్తుకుంటుంటే, అవునన్నట్టు తల ఊపాను. నాలుగు నెలలకు ఆయన పోయాడని ఆ వైపు నుంచి వచ్చిన పేషెంటు ఎవరో చెప్పారు.

ఇప్పుడు అన్ని బొమ్మలూ పంపుతున్నాం. పై బొమ్మలు రెండుసార్లు తిప్పి చూడనిదే నేను ఎవరినీ పంపను. దానివల్ల కోటయ్యకు ఒరిగేదేమీ లేదని తెలుసు.

మొన్న అంజమ్మ తన కడుపునొప్పికి స్కాన్‌కు వచ్చింది. పేరూ ఊరూ చూసి ఆమె ఎవరో పోల్చుకున్నాను. భర్త సంగతి ఆమే ఎత్తింది. మొండి మనిషని, తన మాట విని వెంటనే కదిలుంటే బతికేవాడని, చేతులారా చచ్చాడని తిట్టింది. ఆరోజు నుంచీ తిడుతూనే ఉందట. తిడుతూనే ఏడ్చింది. ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. నేను నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుందని భయం కొంత ఉంది. కానీ అంతకంటే ఎక్కువగా, నిజం చెబితే ఆమె నా చెయ్యి వదిలేస్తుందని భయపడ్డాను. అలా నా చెయ్యి ఎవరైనా పట్టుకుని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు.

కోటయ్య ఆలస్యం చేయలేదు. ఆలస్యం చేసింది నేను. ఇది అంజమ్మకు చెప్పాల్సిన మాట. మీకు చెప్పాను.