మొహమాటం మాస్టారి భుజం

వీధి చివర బట్టలు కుట్టే ఆయన్ని అందరూ మొహమాటం మాస్టారు అనేవారు. కాదు, లేదు అనే మాటలు ఆయన నోట పుట్టి ఎరగవు. పొట్ట పెరిగి చొక్కా బిగుతైన వాళ్లతో కూడా "గుడ్డ కాస్త కుదించుకుపోయిందండీ" అని తప్పు గుడ్డ మీదికి తోసి, ఊరికే విప్పి కుట్టిచ్చేవారు. "మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఊరికే పుట్టలేదు" అని భార్య గొణుక్కునేది.

అలాంటి మాస్టారికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి సగానికి మించి లేవదు. గుడ్డ పరచాలన్నా భార్య రావలసిందే. డాక్టరు మాత్రలు రాసి, గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం చెప్పి, తగ్గడానికి నెలలు పడుతుందన్నాడు.

సంగతి తెలిసి మాస్టారి భార్యకు పిన్ని అయిన పెద్దావిడ పరుగున వచ్చింది. ఆవిడ ప్రార్థన చేసి చెయ్యి వేస్తే ఎలాంటి నొప్పయినా పోతుందని చుట్టాల్లో పేరు. భుజం మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, "ఎలా ఉంది అల్లుడుగారూ?" అంది.

"హాయిగా ఉందండీ అత్తయ్యగారూ."

ఈ మాట బావమరిది చెవిన పడింది. అతను రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాడు. తన జ్వరాన్ని తానే రెండుసార్లు చూసుకుంటే గాని నమ్మే రకం కాదు.

"పిన్ని అడిగితే నువ్వు లేదంటావా బావా? నీ మాట సాక్ష్యానికి పనికిరాదు. పరీక్ష పెడదాం."

"పెట్టరా నాయనా," అంది పిన్ని. "నిప్పుకు చెదలంటుతుందా?"

ఆదివారం దుకాణంలో, బట్టలు మార్చుకునే మూల తెరకు ఆనించి మాస్టారిని కూర్చోబెట్టారు. తెర చీలికలోంచి ఒక చెయ్యి వచ్చి భుజం మీద వాలుతుంది. అది ప్రార్థన చేసే పిన్నిదో, ఊరికే వేసిన భార్యదో ఆయనకు తెలియకూడదు. అందుకని ఆడవాళ్లిద్దరి చేత గాజులు తీయించి, ల్యాబు గ్లవ్స్ తొడిగించారు. తర్వాత మాస్టారు గోడ పక్కన నిలబడి చెయ్యెత్తాలి. అందిన చోట బావమరిది సుద్దతో గీత గీస్తాడు.

"నోరు అబద్ధమాడుతుందేమో గాని బావా, గోడ ఆడదు."

మొదటి చెయ్యి పడింది. గీత ఛాతీ ఎత్తున ఆగింది. రెండో చెయ్యి పడగానే మాస్టారు ఆలోచనలో పడ్డారు. ఇది అత్తయ్యగారిదైతే, తక్కువ ఎత్తితే పాపం చిన్నబుచ్చుకుంటుంది. పెళ్లాందైతే ఇంకా ప్రమాదం. పళ్లు బిగించి ఎత్తారు. మూడో చేతికి ఇంకాస్త పైకి. గీతలు మెట్లలా లేస్తుంటే బావమరిది బుర్ర గోక్కున్నాడు. ఈసారి ఆడవాళ్లను కదలొద్దని సైగ చేసి, "ఇది దూరం నుంచి వేసిన చెయ్యి బావా, ఎత్తు" అన్నాడు.

దూరం నుంచి కూడా కష్టపడ్డారంటే ఎంత ప్రేమో అనుకుని మాస్టారు ప్రాణాలు బిగబట్టి ఎత్తారు. వేళ్లు గోడ గడియారాన్ని తాకాయి. భుజంలో టప్‌మంది. "అమ్మా" అని కూలబడ్డారు.

"చూశావా పిన్నీ," అన్నాడు బావమరిది, "నువ్వు ప్రార్థన చెయ్యకపోతేనే ఎక్కువ లేచింది."

"చెయ్యలేదని ఎవరన్నారు? మీ అక్క చెయ్యి వేసినప్పుడూ చేశాను, ఇప్పుడూ చేశాను. నొప్పితో ఉన్న మనిషి ఎదురుగా ఉంటే మానెయ్యమంటే ఎలా మానతాన్రా?"

బావమరిది తడిగుడ్డ తీసుకుని గీతలు తుడిచేశాడు.

మర్నాడు చేతిని మెడకు వేలాడదీసి కడుతూ భార్య అడిగింది. "నిజం చెప్పండి. పిన్ని చెయ్యి వేస్తే నొప్పి తగ్గిందా?"

"లేదు," అన్నారు మాస్టారు.

ఆవిడ కట్టడం ఆపి ఆయన మొహంలోకి చూసింది.

"కానీ ఆ చెయ్యి ఉన్నంతసేపూ, ఇక మిషను తొక్కలేనేమోనన్న దిగులు దగ్గరికి రాలేదు."

"ఆ మాట మా తమ్ముడితో అనొచ్చుగా?"

"వాడు చెయ్యి ఎంత లేస్తుందనే అడిగాడు."

నెలలు గడిచాయి. గోడ మీద వేళ్లు పాకుతూనే ఉన్నాయి, పిన్ని వస్తూనే ఉంది. మెల్లగా భుజం వదిలింది. ప్రార్థన ఫలించిందని పిన్ని, అదంతట అదే తగ్గే జబ్బని బావమరిది వాదులాడుకుంటూ ఉండగా, భార్య మాస్టారిని లోపలికి పిలిచి అటక మీది పెట్టెలన్నీ దింపించుకుంది.