మలుపులో రెండు హారన్లు

నిన్న తార్నాక సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే కారు కీచుమంది. మెకానిక్ చక్రం విప్పి చూసి, "ప్యాడ్లు మొత్తం అరిగినయ్ సార్. గీ సప్పుడు వినుకుంటనే తిరుగుతున్నరా?" అన్నాడు. ఆ చప్పుడంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

అప్పట్లో మేము యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. సాయంత్రం నాన్న పాత కారు మా వీధి మలుపులో కీచుమనగానే నేను టీవీ కట్టేసేవాణ్ణి. నాన్న టీవీ మీద చెయ్యి పెట్టి చూస్తే వేడి తగలకూడదని దానికి నోట్‌బుక్‌తో విసిరి, లెక్కల పుస్తకం ముందేసుకునేవాణ్ణి.

ఒకరోజు నాన్న, "బ్రేకు వేస్తే ఏమైనా చప్పుడొస్తోందట్రా? ఈమధ్య నాకు చెవి సరిగా వినపడట్లేదు" అని అడిగారు.

"లేదు నాన్నా."

కార్లన్నీ అలాగే అరుస్తాయని, అందులో ప్రమాదమేమీ ఉండదని అనుకునేవాణ్ణి.

ఆ ఆదివారం అమ్మ కారెక్కింది. మొదటి మలుపులోనే హడలిపోయి, "ఏమండీ, ఇంత చప్పుడు ఇన్నాళ్ళూ ఎవరూ వినలేదా?" అంది. నాన్న అద్దంలోంచి వెనక సీట్లో ఉన్న నన్ను చూశారు.

బ్రేకులు బాగయ్యాయి. ఇక దొరికిపోతానని భయపడుతూనే మర్నాడు టీవీ పెట్టాను. మలుపులో హారన్ రెండుసార్లు మోగింది. క్వార్టర్స్‌లో ఎప్పుడూ హారన్ కొట్టని నాన్న, ఆ రోజు నుంచి రోజూ కొట్టేవారు. అమ్మ టీ పెట్టడానికేమో అనుకున్నాను.

నాన్న ఇప్పుడు లేరు.

నిన్న సాయంత్రం కొత్త ప్యాడ్లతో నా కారు సడి లేకుండా మా వీధిలోకి తిరిగింది. ఇంట్లో మా అమ్మాయి ఫోన్ చూస్తూ ఉంటుంది.

మలుపులో ఆగి, రెండుసార్లు హారన్ కొట్టాను.