వేపమానుకు లేచిన పడగ

నిన్న ధర్మవరం బస్టాండు బయట, వానకు తడిసిన ఓ మాను మొదట్లోంచి పుట్టగొడుగు వాసన గుప్పుమంది. వంగి చూస్తే బెరడుకు అతుక్కుని అరచేయంత కుక్కగొడుగు. పక్కవాళ్ళు ఏమనుకున్నారో గానీ, నేను నవ్వుకుంటూ నిలబడిపోయాను. రంగమ్మక్క గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో పెనుకొండ దారిలో ఆమె హోటల్లో బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపే పనికి చేరాను. ఈరోజు హిందూపురంలో నాకంటూ ఓ హోటలుందంటే ఆమె చలవే. నోరు గట్టిది. ఉప్పెక్కువైతే పొయ్యి దగ్గరి నుంచే గరిటె చూపించేది. మధ్యాహ్నం అదే గరిటెతో నా కంచంలో ఇంకో ముద్దకు సరిపడా పప్పు వేసేది.

హోటల్ ముందు ఆమె జాగాలోనే పెద్ద వేపమాను ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒకపక్క వేర్లు తెగాయి. ఆ ఏడు వానలకు దాని మొదట్లో గోధుమరంగు కుక్కగొడుగు లేచింది, అచ్చం నాగుపాము పడగలా. ఎవరో పసుపు కుంకుమ పెట్టారు. ఇంకేముంది, మంగళవారం వచ్చేసరికి కొబ్బరికాయలు, పిల్లాపాపలతో జనం. మా ఇడ్లీలు పొద్దెక్కకముందే అయిపోయేవి. నా మొగుడైతే స్వామి మనల్ని చల్లగా చూశాడని మురిసిపోయాడు. అక్క మాత్రం రోజూ రోకలితో మానును తట్టి చూసి ముఖం ముడుచుకునేది. బలమున్న చెట్టుకు ఇది రాదనీ, లోపల గుల్లయితేనే బయటికి లేస్తుందనీ నాతో చెప్పింది. ఆ నీడలోనే పసిపిల్లలను పడుకోబెడుతున్నారని ఆమె దిగులు. కొట్టేస్తానంటే జనం ఊరుకోరని నా భయం.

తరువాతి మంగళవారం అక్క తలస్నానం చేసి, అందరికంటే ముందు తానే హారతి ఇచ్చింది. తరువాత జనం వైపు తిరిగింది.

"ఈడ స్వామి ఉండాడని మీరంటాండారు. నేను కాదనను. మాను మాత్రం గుల్లయిపోయింది. రేపు మన బిడ్డల మింద పడితే స్వామికి చెడ్డపేరు రాదా?"

ముందుగా ఓ ముసలవ్వ మనవణ్ణి చంకనెత్తుకుని నీడలోంచి ఇవతలికి వచ్చింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ జరిగారు. ఆ గొడుగును పళ్ళెంలో పెట్టి ఊరి నాగులకట్ట దగ్గరికి తీసుకుపోయారు. రంపం పెడితే మాను నడుమంతా పుచ్చిన పొట్టే.

నీడ పోయింది, జనం పోయారు, ఇడ్లీలు మళ్ళీ మిగలసాగాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. అక్క మిగిలిన ఇడ్లీలను చిదిమి పోపు వేస్తూ హాయిగా అంది: "మన దగ్గర తిన్నోళ్ళంతా ఇంటికి చేరినారు గదమ్మా. అంతకన్నా యాపారమేముండాది?"

ఇప్పటికీ బేరం లేని రోజున మా ఆయన గల్లా వైపు చూస్తాడు. నేను చివరి గిరాకీ రోడ్డు దాటేదాకా చూస్తాను.