మంచం కింద మడిచిన మోకాలు

గోదావరిఖని బొగ్గుబాయిలో, భూమి లోపల పనిచేసి రిటైరైన నాకు ఈమధ్యే ఆపరేషన్ చేసి మోకాలు మార్చారు. "రోజూ మడవకపోతే కాలు కట్టెలా బిగుసుకుపోతుంది" అని డాక్టరు హెచ్చరించినా, మడవమంటే చాలు, వాడకట్టంతా వినపడేలా అరిచేవాణ్ని.

ఓ మధ్యాహ్నం నొప్పి గోలీ మింగి పడుకున్నాను. ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేయగానే ఇల్లు అదిరింది. నిద్రమత్తులో ఇంకా బాయిలోనే ఉన్నాననుకుని, "కప్పు కూలుతున్నదిరో, ఉరుకుండ్రి!" అని కేకేసి మంచం కిందికి దూరాను. లుంగీ మంచం మీదే ఉండిపోయింది.

కేక విని పక్కింటివాళ్లూ వచ్చారు. నా భార్య వంగి చూసి, "మోకాలు మడువరాదంటివి, గీడికెట్ల దూరినవయ్యా?" అంది.

చూసుకుంటే మోకాలు చక్కగా మడిచి ఉంది. అప్పుడు నొప్పి గుర్తొచ్చి అరిచాను.

"ఇగ నువ్వు అరిస్తే నమ్మేదెవరు?" అంది నా భార్య.

ఇప్పుడు గోలీ వేసుకుని, కాసేపాగి, నోరు మూసుకుని మడుస్తున్నాను. పరువు ఎలాగూ పోయింది, కాలైనా దక్కాలి కదా!