పక్కింటాయన దగ్గర తాళంచెవి

మా అక్క పరాయి దేశంలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. ప్రతి నమూనానూ రెండుసార్లు చూసేది. రెండోసారి చూశాక, మొదటిసారి సరిగ్గా చూశానా లేదా అని ఇంకోసారి చూసేది. అక్కడ పనిచేసే మనవాళ్లు ఆమెకు ‘మళ్లీచూడు’ అని పేరు పెట్టారు. మొహం మీదే అలా పిలిచినా కోపం తెచ్చుకునేది కాదు. “ఇదేమన్నా తిట్టా?” అనేది.

పన్నెండేళ్లు అద్దె ఇళ్లలో గడిపాక అక్కా బావా ఆ పరాయి దేశంలోనే ఒక చిన్న ఇల్లు కొన్నారు. దస్తావేజు అక్కడి భాషలో ఉంది. చదివి చెప్పడానికి అమ్మేవాడే ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. అక్క ఆయనకు టీ ఇచ్చి పంపించేసి, తనకు తెలిసిన ఇంకొకావిడ చేత అక్షరం అక్షరం చదివించుకుంది. అప్పుడు బయటపడింది: పెరటి గుండా నడిచే హక్కు పక్కింటివాళ్లకు ఉందట. అమ్మేవాడు ఆ ముక్క మింగేశాడు. బావకు ఇల్లు నచ్చింది కాబట్టి కొన్నారు గానీ, ఆనాటి నుంచి అక్క పక్కింటాయన మీద ఒక కన్నేసి ఉంచింది.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మనిషి పొడుగు, మాట పొదుపు. కొడుకూ కోడలూ ముగ్గురు మనవలూ ఆయన దగ్గరే ఉండేవారు.

అక్కావాళ్లు ఏటా ఆరు వారాలు సెలవు పెట్టి స్వదేశం వచ్చేవారు. ఇల్లు నెలకు మించి ఖాళీగా ఉంటే, వారానికోసారి ఎవరో ఒకరు లోపలికెళ్లి చూసి రావాలని బీమా కాగితంలో ఉంది. లేకపోతే ఏం జరిగినా బీమావాళ్లకు సంబంధం లేదు. బావ తాళంచెవి తీసుకెళ్లి పక్కింటాయన చేతిలో పెట్టాడు.

“పోయి పోయి ఆయనకే ఇచ్చారా?” అంది అక్క.

“జేబులో వేసుకుని విమానం ఎక్కితే, పైపు పగిలినప్పుడు ఎవరొస్తారే? నువ్వొస్తావా ఎగిరి?”

తిరిగొచ్చాక అక్క బూట్లు కూడా విప్పకుండా నీటి మీటరు దగ్గరికి వెళ్లింది. వెళ్లేముందు రాసిపెట్టుకున్న అంకె కంటే నాలుగు యూనిట్లు ఎక్కువ తిరిగి ఉంది. ముందుగదిలో కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది. దాని మెత్త అణిగి ఉంది. వంటింట్లో కుడివైపు బోర్లించిన కప్పు ఎడమవైపుకు వచ్చింది.

“దెయ్యానికి దాహమేసిందేమోలే,” అన్నాడు బావ.

అక్కకు నవ్వు రాలేదు. పక్కింటాయన తమ ఇల్లు వారాల లెక్కన అద్దెకిస్తున్నాడని తేల్చేసింది. ఇంటర్నెట్‌లో అద్దె ప్రకటనలన్నీ గాలించి, తమ కిటికీ పరదాలు ఏ ఫొటోలోనైనా కనబడతాయేమో అని వెతికింది. పోస్టుమేన్‌ను కూడా కదిపి చూసింది. ఆయన తన సంచీలో మొహం దూర్చి, నాకేం తెలియదమ్మా అన్నాడు. ఆ తెలియదనడం కూడా ఆమెకు అనుమానంగానే తోచింది.

మరుసటి ఏడాది సెలవులకు బావ ఒక్కడే విమానం ఎక్కాడు. అక్క కూడా ఎప్పటిలా తాళంచెవి పక్కింటాయనకిచ్చి, సూట్‌కేసు పట్టుకుని, చెయ్యూపి, టాక్సీ ఎక్కింది. ఎక్కి, మూడు స్టాపుల అవతల ఉన్న స్నేహితురాలింట్లో దిగింది. మూడో రోజు మధ్యాహ్నం పెరటి దారిన వచ్చి, చప్పుడు కాకుండా తలుపు తీసింది.

పక్కింటాయన ఆ కుర్చీలోనే, గుండెల మీద పేపరు పరుచుకుని నిద్రపోతున్నాడు. బూట్లు గుమ్మం దగ్గర వరుసగా విప్పి ఉన్నాయి. ఇంట్లో ఇంకెవరూ లేరు. అక్క పడగ్గది, స్నానాలగది, అలమరా వెనక కూడా చూసి వచ్చి, అప్పుడు ఆయన్ని లేపింది.

“ఏం పని మీకిక్కడ?”

ఆయన ఉలిక్కిపడి లేచాడు. “కుళాయిలు వదలడానికొచ్చానమ్మా. అప్పుడప్పుడూ వదలకపోతే పైపుల్లో నీళ్లు పాడవుతాయి.”

“కుళాయి కుర్చీలో ఉందా?”

ఆయన కాసేపు కాళ్లకున్న మేజోళ్ల వైపు చూసుకున్నాడు. “మా ఇంట్లో అయిదుగురూ ఒకేసారి మాట్లాడతారు. అంతకుముందు నలభై ఏళ్లు బస్సులో జనం గోల. ఇక్కడ ఎవరూ మాట్లాడరు. కాసేపు కూర్చుందామనుకున్నా, అలవాటైపోయింది.”

“అడగొచ్చుగా?”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“ఒప్పుకోను.”

“అందుకే అడగలేదు.”

అక్క చెయ్యి చాచింది. ఆయన గుత్తిలోంచి తాళంచెవి తీసిచ్చి, తను తాగిన కప్పు కడిగి బోర్లించి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాది పాటు వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవు.

ఆ పై ఏడాది, యజమానులు లేనప్పుడు ఇళ్లు చూసుకునే ఒక కంపెనీకి తాళంచెవి అప్పగించారు. ముద్రలున్న ఒప్పందం, చిరునవ్వుల అమ్మాయి, అంతా పద్ధతిగా ఉంది. ఆరు వారాలకు తిరిగొచ్చి చూస్తే పడగ్గది గోడ నడుమెత్తు దాకా తడిసి ఉంది, నేలచెక్కలు ఉబ్బిపోయాయి. బీమావాళ్లు కంపెనీని వివరం అడిగారు. ఆరు వారాలకు ఆరుసార్లు వచ్చి చూసినట్లు తేదీలూ సంతకాలూ ఉన్న కాగితం పంపింది కంపెనీ.

అక్క ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టింది. ఆరు సంతకాలూ ఒకే పెన్ను, ఒకే ఒరవడి, ఒక్క ఊపులో పెట్టినట్లున్నాయి.

బావ ద్వారా ఆ కాగితం సంగతి విని, అదే సాయంత్రం పక్కింటాయన తనంతట తనే తలుపు కొట్టాడు. గుమ్మం దాటలేదు. “నాలుగో వారం మన వీధంతా తవ్వి, బయటివాళ్లెవరూ రాకుండా మూసేశారు. మునిసిపాలిటీ నోటీసు నా దగ్గర ఉంది. అసలు ఆ కంపెనీ మనిషి ఒక్కసారి కూడా రాలేదు. నేను రోజూ మీ పెరటిలోంచే కదా నడుస్తాను. గోడకు చెమ్మ కనబడగానే వాళ్లకు ఫోన్ చేశాను. నువ్వెవరివి అన్నారు.”

ఆయన వెళ్లగానే అక్క నాకు ఫోన్ చేసింది. “తాళంచెవి లాక్కున్నానని ఈయనే పైపు పగలగొట్టాడేమోనే!” ప్లంబరు వచ్చి, గోడలో అతుకు దానంతటదే అరిగిపోయిందని చూపించేదాకా ఆమె మనసు కుదుటపడలేదు. ఆ తర్వాతే నోటీసులో వీధి మూసిన తేదీనీ, నాలుగో సంతకం కింద ఉన్న తేదీనీ పక్కపక్కన పెట్టి కంపెనీకి పంపింది. రెండు వారాలు బుకాయించి, చివరికి మరమ్మతులన్నీ వాళ్లే చేయించారు.

తాళంచెవి మళ్లీ పక్కింటాయనకే వెళ్లింది. “నమ్మకం కుదిరిందా ఇప్పటికి?” అని అడిగాను.

“నమ్మకం సంగతి నాకు తెలీదు. ఆయన ఏ వేళప్పుడు ఎక్కడ కూర్చుంటాడో తెలుసు,” అంది అక్క.

ఈసారి ఒక కాగితం రాసింది. వారానికోసారి కుళాయిలు వదలాలి. మీటరు ఫొటో పంపాలి. తాళంచెవి ఇంకొకరి చేతికివ్వకూడదు. ఆయన పేరు అక్కావాళ్లు బీమావాళ్లకు ముందే తెలియజేయాలి. మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చోవచ్చు.

పక్కింటాయన కళ్లజోడు పెట్టుకుని అంతా చదివి, కాగితం వెనక్కిచ్చాడు. “ఆదివారం కూడా రాయమ్మా. ఆ రోజు పిల్లలకు బడి ఉండదు.”

అక్క పెన్ను తీసి, ఆదివారం కూడా రాసింది.